ఆరు గంటల లెక్క

మార్సెయ్ రేవులోకి చేపల పడవలు ఇంకా రాలేదు.
నా వ్యానులో ఇరవై రెండు స్కూటర్లు,
సంతకి తోలిన గొర్రెల్లా
ఒకదాని మెడ మీద ఇంకొకటి.
ఉత్తరం కొండకి చేర్చాలి,
ఆరింటికల్లా.

నగరపాలక సంస్థ షరతు అది:
పేద పేటల్లోనూ బళ్లుండాలి, నూటికి ఇరవై,
లేకపోతే కంపెనీకి లైసెన్సు లేదు.
మంచి షరతే.
రాసినావిడ, ఓబనెల్ గారట, ఒకసారి మా డిపోకి వచ్చింది.
తడిగొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చుని
"ఆ మెట్ల పైన కూడా మనుషులున్నారు కదండీ" అంది.
మా మేనేజరు తల ఊపాడు.
తల ఊపడానికి ఖర్చేముంది.

ఆ కాగితంలో ఒక్కటే రాయడం మరిచారు:
బళ్లు ఎంతసేపుండాలో.

అందుకే ఆరింటికి దింపుతాను
లా గ్రాంజెట్ ఫ్లాట్ల ముందు, మూతపడ్డ మందులషాపు పక్కన,
తెల్లగీతల గడిలో, వరుస తప్పకుండా.
ఆరుంబావుకి ఎక్కడో ఒక కంప్యూటరు
పచ్చచుక్కలు లెక్కపెట్టుకుంటుంది.
ఇరవై రెండు. సరిపోయింది.
ఏడింటికి నా ఫోను:
"సొయిలిహీ, ఎత్తెయ్. రేవు దగ్గర టూరిస్టులు లేచారు."
దింపిన చేతులతోనే ఎత్తుతాను.

దక్షిణాన, సముద్రానికి ఎదురుగా మేడలున్న వీధుల్లో
ఈ గొడవే లేదు.
కాలిబాట మీద బండి కనబడితే చిరాకన్నారు వాళ్లు,
ఒక్క ఉత్తరం రాశారు.
ఇప్పుడు అక్కడొక కనబడని గీతుంది.
చక్రం దాని మీద పడగానే
మోటారు ఊపిరి బిగబట్టేస్తుంది.
వద్దన్నవాళ్ల మాట చెల్లింది.
కావాలన్నవాళ్లు ఏ గుమ్మం తట్టాలో
పదేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా నాకూ తెలీదు.

జల్హాతా ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది.
ఎనిమిదింటికి డ్యూటీ.
ఒకరోజు ఏడుంపావుకి మెట్లు దిగి వచ్చి
ఫోనులో మ్యాపు చూస్తూ నిలబడిపోయిందట.
పచ్చచుక్కలన్నీ కట్టగట్టుకుని
కొండ దిగి పారిపోతున్నాయట.
ఆ చుక్కల కింద స్టీరింగు పట్టుకున్నది నేనే.

మర్నాడు పెందలాడే వచ్చి వ్యాను కడ్డం నిలబడింది.
ఎండలేని చలిలో, మా దీవి భాషలో,
నవ్వకుండా అడిగింది:
"ఏమయ్యా, మీ బళ్లు మా పేటకి చుట్టపుచూపుగా వస్తాయేం?
మంచినీళ్లయినా ముట్టకుండా పోతాయి?"

ఏం చెప్పను?
లెక్కపెట్టడం వేరు, లెక్కచెయ్యడం వేరని
జీతం ఇచ్చేవాళ్ల ముందు అనలేను,
ఆమె ముందు అనక్కర్లేదు.

ఆ గురువారం ఇరవై ఒకటే ఎత్తాను.
పంతొమ్మిదో నంబరుని చెత్తకుండీల వెనక
చీకటి మెట్టు కింద వదిలేసి
రిజిస్టరులో "వెతుకుతున్నాం" అని రాశాను.
అబద్ధం కూడా కాదు,
దాన్ని వెతుక్కునే మనిషి ఒకరున్నారు.

వారం తర్వాత హ్యాండిలుకి ఒక సంచి వేలాడుతోంది.
అందులో కొబ్బరిపాల రొట్టె,
గుడ్డలో చుట్టి, ఇంకా వెచ్చగా.
బండికి సబ్బు వాసన.
చక్రాలకి మా ఊరి బురద కాదు, ఈ ఊరిదే,
అయినా చూస్తూ కాసేపు నిలబడ్డాను.

మేనేజరు అడిగాడు: "పంతొమ్మిది దొరికిందా?"
"మిస్ట్రాల్ గాలి కదా సార్, ఎటు కొట్టుకుపోయిందో."
గాలి మీదకి నెట్టిన తప్పుకి
ఈ ఊళ్లో ఎవరూ సాక్ష్యం అడగరు.

ఓబనెల్ గారూ, మళ్లీ ఎప్పుడైనా రాస్తే
గంట కూడా రాయండి.
రాసేముందు ఓసారి ఏడుంపావుకి రండి,
గొడుగు లేకుండా.
ఖాళీ గడిలో పిల్లలు బంతాట ఆడుతుంటారు,
తెల్లగీతలు వాళ్లకి గోలుపోస్టులు.

సరే, ఆరు కావస్తోంది.
ఇరవై రెండు చూపించాలి.
వ్యానులో ఇరవై ఒకటే.
ఫరవాలేదు,
ఇంకొకటి రాత్రి అక్కడే పడుకుంది.